పొడి సాన

“బెల్టు ఇటివ్వు,” అన్నాడు మేనేజరు.

ఫిట్టరు ఇవ్వలేదు. సానమెషీను నుంచి అప్పుడే ఊడదీసిన రబ్బరు బెల్టును మెడలో వేసుకుని స్పానర్లు సంచిలో సర్దుకుంటోంది. నలభై దాటిన మనిషి. పొద్దున్నుంచీ రంగురాళ్ళ షోరూములోని అద్దాల గదిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ మెషీనును బిగించింది. బల్ల ఎటూ వాలకుండా కాళ్ళ కింద రేకుముక్కలు దోపింది. రెండు సానచక్రాలనూ ఒక్కొక్కటిగా వేలికి తగిలించి, చెక్కపిడితో తట్టి, ఖంగుమని మోగాకే ఇరుసుకు ఎక్కించింది. పగులుంటే పగిలిన కుండలా పలుకుతుందట.

సానపట్టేవాడు పక్కనే నిలబడి అంతా చూశాడు. ఇకమీదట ఆ మెషీను ముందు కూర్చోబోయేది అతనే. ఏడు నెలలు ఖాళీగా తిరిగాక దొరికిన పని. ఇవాళ మధ్యాహ్నం మూడింటికే పెద్ద బేరగాళ్ళు వస్తారు. వాళ్ళ కళ్ళ ముందే ముడిరాయిని మెరిపించి చూపించాలి.

చిక్కంతా నీళ్ళ దగ్గర వచ్చింది. చక్రం మీద నీళ్ళు చుక్కచుక్కగా పడుతూ ఉండాలి. లేకపోతే రాతిపొడి గాల్లోకి లేచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళ పంపు ఇంకా రాలేదు. కుళాయి ఉన్న డబ్బా ఒకటి పైన వేలాడదీస్తానంది ఫిట్టరు. నీళ్ళు చింది, వచ్చినవాళ్ళ బట్టలు పాడవుతాయని మేనేజరు వద్దన్నాడు.

“గంటసేపే కదమ్మా. గంటకే మనిషి చచ్చిపోతాడా?”

“నీళ్ళు పెట్టనివ్వండి. బెల్టు ఎక్కిస్తాను.”

“కూర్చునేవాడికి లేని బాధ నీకెందుకు? ఏమయ్యా, నీకేమైనా అభ్యంతరమా?”

“లేదు సార్,” అన్నాడు సానపట్టేవాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటానని కూడా అన్నాడు.

“విన్నావుగా.”

“అతన్నడిగితే అలాగే అంటాడు సార్. అందుకే నేను అడగలేదు.”

“అది కంపెనీ సొత్తు. దొంగతనం కేసు పెడతాను.”

“పెట్టండి. ఎందుకు పట్టుకుపోయానో స్టేషన్లోనే చెబుతాను.”

ఆమె బయటికి నడిచి మెట్ల మీద కూర్చుంది. మేనేజరు ఫోను పట్టుకున్నాడు. ఇంకో ఫిట్టరు దొరికాడు గానీ ఆ కొలత బెల్టు ఏ దుకాణంలోనూ దొరకలేదు. రెండు దాటింది.

“వెళ్ళి తీసుకురా. లాక్కునైనా సరే,” అని సానపట్టేవాణ్ణి పంపాడు. “ఉత్తచేతుల్తో వచ్చేటట్టయితే అటునుంచి అటే వెళ్ళిపో.”

అతను మండిపడుతూనే వెళ్ళాడు.

“మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళా అక్కా? నోటిదాకా వచ్చిన ముద్ద తన్నేస్తున్నారు. మీకేం, రేపు ఇంకో మెషీను దొరుకుతుంది.”

“దొరుకుతుంది.”

“మరి నాకు?”

ఆమె జరిగి చోటిచ్చింది. అతను కూర్చోలేదు.

“మా ఆయనా సానపట్టేవాడే,” అంది. “ఆయన మెషీను కూడా ఇలాగే పొడిగా మొదలైంది. అప్పుడూ గంటేగా అనుకున్నారు. గంట పూటయింది. పూట తొమ్మిదేళ్ళయింది. చివరి రోజుల్లో చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. ముప్పై ఎనిమిదో ఏట పోయాడు.”

లాక్కోవడానికి వచ్చిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

“నీకు నాకంటే బలముంది. కావాలంటే లాక్కో,” అంది ఆమె. “నా అంతట నేను మాత్రం ఇవ్వను.”

అతను లోపలికి వెళ్ళాడు.

“సార్, నీళ్ళు లేకుండా నేను కూర్చోను.”

“నువ్వు కూడానా?”

“కూర్చునేవాడికి లేని బాధ అన్నారు కదా సార్. ఇప్పుడు నాకుంది.” అతను అడుగు వెనక్కి వెయ్యలేదు.

గడియారం మూడుకు పావు తక్కువ చూపిస్తోంది. మేనేజరు అతన్నీ, బయట మెట్ల మీదున్న ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“పది నిమిషాల్లో అవ్వాలి,” అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఎనిమిది నిమిషాల్లో అయింది. పైన డబ్బా వేలాడింది, చక్రం వెనక రేకు నిలబడింది, కింద తొట్టి అమరింది. బెల్టు ఎక్కించి, మోటారు వేసి, చక్రం పగిలితే తగలకుండా సానపట్టేవాణ్ణి కూడా పక్కకు లాగి నిమిషంపాటు ఉత్తినే తిప్పింది. చక్రం వణకలేదు. బేరగాళ్ళు వచ్చారు. బురదరంగు రాయి అతని వేళ్ళ మధ్య తేనెరంగుకు తిరుగుతుంటే వంగి వంగి చూశారు. చిందిన నీళ్ళను ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక మేనేజరు వచ్చాడు. “ఇంకెప్పుడూ నీ మొహం ఈ గుమ్మంలో కనపడకూడదు.”

“పంపు వచ్చినా ఆ డబ్బా తియ్యకండి. పంపు చెడిన రోజున పనికొస్తుంది,” అంది ఆమె.

అతను విసురుగా వెళ్ళిపోయాడు. ఆమె సానపట్టేవాడి వైపు తిరిగింది.

“ముందు కుళాయి కట్టెయ్యి. చక్రం తిరుగుతూ తిరుగుతూ తడంతా విదిలించుకోవాలి. ఆ తర్వాతే మోటారు ఆపు. లేదంటే నీరు ఒక పక్కకు దిగి, రేపు తిప్పగానే ఊగుతుంది.”

అతను అలాగే చేశాడు. చక్రం మెల్లగా నిలిచింది.

“అక్కా, మీ ఆయన మెషీనును పొడిగా బిగించిన వాళ్ళెవరో తెలుసా?”

“తెలుసు.”

“వాళ్ళని ఏమీ అనలేదా?”

“రోజూ అంటూనే ఉన్నాను.”

“మరి ఆయన?”

“ఆయన ఒక్క మాటా అనలేదు. పోయేదాకా.”

“నేనైతే ఊరుకునేవాణ్ణి కాదు,” అన్నాడు అతను ఉడుకుతూ. “ఎవరక్కా వాళ్ళు?”

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

“నేనే బిగించాను, తమ్ముడూ.”