బాబాయి స్టూలు

కిందివైపు ఏదో వేరుకు చెప్పేది ఆక్సిన్ అనే హార్మోను. దాన్ని చేరవేయడానికి కావలసిన జన్యువును ఈ మొలకల్లో పనిచేయకుండా చేసింది ఆ పరిశోధకురాలే. కాబట్టి నిలబెట్టిన గాజు ప్లేట్లలో వేర్లు దిక్కు తెలియక తలోవైపుకూ పోవాలి.

ఆ రాత్రి, వేర్లకు వెలుతురు తగలకూడదని పెట్టిన మసక పచ్చ దీపం కింద ఆమె ప్లేట్లు చూసింది. వేర్లన్నీ ఎడమకే, తలుపు దగ్గరున్న స్టూలు వైపే తిరిగి ఉన్నాయి.

ఆ స్టూలు ల్యాబులో గాజుసామాను కడిగే ముసలాయనది. అందరికీ బాబాయి. ఆమెకు చీకటంటే భయమని తెలిసి, తన పని అయిపోయినా ఇంటికి పోకుండా దానిమీదే కునికిపాట్లు పడేవాడు. "నువ్వు కానివ్వమ్మా, నేనిక్కడే ఉంటాగా," అనేవాడు. ఆయన్ని మట్టిచేసి వారమైంది.

ప్లేట్లు తారుమారయ్యాయేమోనని చీటీలు చూసింది. కాలేదు. మనసు ఊరుకోక స్టూలు తెచ్చి కుడిపక్కన వేసి, పనిలో పడింది. చాలాసేపటి దాకా ఫ్రిజ్ రొద తప్ప చప్పుడు లేదు. మళ్లీ చూస్తే వేర్లన్నీ కుడికి వంగాయి.

పక్కన స్టూలు కిర్రుమంది. ఆమె అటు తిరగలేదు. "ఇక నువ్వెళ్లు బాబాయ్, నాకిప్పుడు భయం లేదులే," అని అబద్ధమాడింది.

తెల్లవారుజామున ప్లేట్లు మరోసారి తీసింది. దిక్కు తెలియకూడని ఆ వేర్లన్నీ నిట్టనిలువుగా కిందికి, మట్టి వైపుకు దిగి ఉన్నాయి.