యాభయ్యో కార్డు

జైపాల్ నాలుగోసారి లెక్కపెట్టాడు. నలభై తొమ్మిదే!

"ముసలమ్మ నిండా ముంచింది" అని లోలోపల పళ్లు నూరుకున్నాడు.

ముంచింది నిజానికి తనే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీద చిన్న గది అతని దుకాణం. ముప్పై ఏళ్ల కింద బబుల్‌గమ్‌తో పాటు వచ్చిన క్రికెట్ బొమ్మల కార్డులు కొని, మోజున్నవాళ్లకు అమ్ముతాడు. యాభై కార్డుల సెట్టు నలగకుండా ఉంటే తొంభై వేలు పలుకుతుంది. ఒక్కటి తగ్గినా ముప్పై వేలు దాటదు.

నిన్న అలాంటి సెట్టే పట్టుకుని తుర్కయంజాల్ నుంచి అండాలమ్మ అనే పెద్దావిడ వచ్చింది.

"ఇంటికి సున్నం ఏపిస్తుంటే అటక మీద దొరికినయ్ బిడ్డా. మా పెద్దోడు చిన్నప్పుడు జమ చేసిండు. యాభై ఉంటయ్."

కార్డుల అంచులు ఎక్కడా నలగలేదని చూడగానే జైపాల్ పసిగట్టాడు. మొహం మాత్రం వేపాకు నమిలినట్టు పెట్టాడు.

"ఉత్త కాయితాలమ్మా, ఎవరు కొంటరు? నీ ముఖం చూసి యాభైకి ఐదొందలు ఇస్త."

"సరే బిడ్డా. నాకేం తెలుసు, తెలిసినోనివి నువ్వు చెప్పినంక."

ఆవిడ నోటు కళ్లకద్దుకుని వెళ్లింది. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనన్న ఆత్రంలో జైపాల్ కార్డులు లెక్కపెట్టుకోవడమే మరిచాడు.

ఇవాళ మలక్‌పేట నుంచి రామారావు కొనడానికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒకటి తగ్గితే ముప్పై వేలేనండి. ముందే చెప్పాను కదా" అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే అండాలమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

జైపాల్ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. ఎవరో ధర చెప్పి ఉంటారు, తగువుకే వచ్చింది అనుకున్నాడు. ఐదొందల సంగతి రామారావు ముందు బయటపడితే ఇంకేమైనా ఉందా!

"బిడ్డా, నిన్నటి కార్డులు..."

"ఏ కార్డులు? నువ్వెవరో నాకు తెల్వదు."

"నేను బిడ్డా, అండాలమ్మను. నిన్న..."

"గిరాకీ ఉన్నప్పుడు పరేషాన్ చెయ్యకు. పో, దిగు!"

ఆవిడ సంచిలో పెట్టిన చెయ్యి ఉత్తదే బయటికి తీసింది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

"ఎవరండీ ఆవిడ?"

"అడుక్కునేటోళ్లు సార్. రోజూ ఉండేదే."

ఐదు నిమిషాలకు, మెట్ల కింద పూలమ్మే యాదలక్ష్మి పైకి వచ్చింది. ఆమె చేతిలో క్యాలెండర్ కాగితంలో భద్రంగా చుట్టిన పొట్లం ఉంది.

"జైపాలన్నా, గా పెద్దమ్మ నీకు ఇయ్యుమన్నది. ఒకటి అటక మీదనే పడిపోయిందట."

విప్పితే కార్డు. యాభయ్యోది.

రామారావు మొహం ముందు వెలిగింది, తర్వాత ముడుచుకుంది.

"ఆవిడెవరో తెలియదన్నారే?"

జైపాల్ కార్డు బల్ల మీద వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా బస్టాపు దాకా పరుగెత్తాడు. తుర్కయంజాల్ బస్సు అప్పటికే వెళ్లిపోయింది. అంతమంది జనంలో తననే అందరూ చూస్తున్నట్టు సిగ్గుతో ముడుచుకుపోతూ తిరిగొచ్చాడు.

యాదలక్ష్మి కింద బుట్ట సర్దుకుంటోంది.

"ఇంకేమన్నా అన్నదా? నన్ను తిట్టిందా?"

"తిట్టలేదన్నా. అవి తొంభై వేల సరుకని నిన్న రాత్రే మనుమరాలు ఫోన్ల చూపెట్టిందట. పోయి పైసలడుగుమని ఇంట్ల అందరు లొల్లి చేసిండ్రట. ఆమె మాత్రం, 'యాభై అని చెప్పి పైసలు తీసుకున్న, నలభై తొమ్మిదే ఇచ్చిన. ఆ పిలగాడు నన్ను దొంగ అనుకుంటుండొచ్చు' అని పొద్దుగాల్నే బస్సెక్కిందట."