వంకర చెంచా

ముసలామె టీలో పంచదార కలుపుకుని, చెంచాను నాలికతో ఒకటికి రెండుసార్లు నాకింది.

చూస్తున్న శుభ్రమ్మ ముఖం తిప్పుకుంది.

శుభ్రమ్మ అసలు పేరు కాదు. మొగుడు పెట్టిన పేరు. ఇంట్లో ఉన్న పన్నెండు చెంచాలకూ ఆమె దగ్గర హోదాలున్నాయి మరి. సన్నటి మెడ, బరువైన కాడ ఉన్నది ఆమె సొంతం. దాన్ని మొగుడు కూడా ముట్టకూడదు. గీతలు పడ్డవి మొగుడికి. కాడమీద పువ్వులున్నవి వచ్చేపోయేవాళ్ళకు.

అన్నిటికన్నా అడుగున, సొరుగు మూల పడుండేది వంకరది. మెడ దగ్గర పక్కకు వంగి, నల్లబడి, అంచంతా పంటిగాట్లతో. ఏ రోగిష్టి మనిషి కొరికాడో ఏమో అని ఆమెకు దాన్ని చూస్తేనే రోత.

పెళ్ళప్పుడు సామాన్లలో పెట్టి పంపింది అమ్మ.

"పారేయకే. నీకు రెండేళ్ళప్పుడు ఆసుపత్రిలో..." అని ఎన్నిసార్లు మొదలుపెట్టిందో.

"ఛీ, ఆసుపత్రి చెంచానా? ఆ మాటెత్తకమ్మా, అన్నం సయించదు."

పదేళ్ళలో ఆ కథ ఆసుపత్రి గుమ్మం దాటలేదు.

పనిమనిషికి ఆరోజు జ్వరం. తనను చూడ్డానికి వచ్చిన దూరపు పెద్దమ్మను, ఈ ముసలామెను, బదులు పంపింది. నోట్లో నాలుగే పళ్ళు, మాటకో దగ్గు. అవైనా సరిపెట్టుకోవచ్చు గానీ, కుడి చూపుడువేలు మరీ ఘోరం. గోరుండాల్సిన చోట ముడతపడ్డ కండ. ఆ వేలు మునిగిన గిన్నెనల్లా శుభ్రమ్మ మళ్ళీ తోముకుంది. అందుకే టీతో పాటు వంకర చెంచా ఇచ్చింది.

ముసలామె చెంచాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మీకెక్కడిది తల్లీ?"

"మా అమ్మ ఇచ్చింది."

ముసలామె ఆమె ముఖంలోకి అదేపనిగా చూసింది.

"అమ్మగారు బాగున్నారా? చిన్నప్పుడు మీకు..."

"కబుర్లొద్దు. తాగి గిన్నెలు చూడు."

ముసలామె నవ్వి టీ తాగింది.

శుభ్రమ్మకు కబుర్లు వినే ఓపిక లేదు. లోపల రెండేళ్ళ పాప నోటిపూతతో, జ్వరంతో పడి ఉంది. నిన్నటినుంచి గుక్కెడు నీళ్ళు దిగలేదు. సాయంత్రంలోగా మందూ నీళ్ళూ లోపలికి పోకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందే అన్నాడు డాక్టరు.

తన చెంచాతోనే మందు పట్టింది. పాప పళ్ళు బిగబట్టింది. మందంతా గౌను పాలయింది.

ఆమె గౌను ఉతికి, చేతులు కడుక్కుని వచ్చేసరికి పాప ముసలామె ఒళ్ళో ఉంది. వంకర చెంచా బుగ్గ పక్కనుంచి నోట్లోకి జారింది. పాప గుటక వేసింది. వెంటనే ఇంకో గుటక.

శుభ్రమ్మకు గుటకలు కనపడలేదు. ఇందాక నాకిన చెంచా కనపడింది. పాప పెదవిమీద గోరులేని వేలు కనపడింది. ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది.

"నీ ఎంగిలి చెంచా పాప నోట్లో పెడతావా? బుద్ధుందా నీకు?"

"మరిగే నీళ్ళలో వేసి తీశాను తల్లీ. ఇలా పక్కనుంచి పడితే..."

"ఇంకొక్క మాట మాట్లాడకు. వెళ్ళు."

పాపను లాక్కుంది. చెంచాను కాగితంతో పట్టుకుని చెత్తబుట్టలో పారేసింది.

ముసలామె కొంగుకు చేతులు తుడుచుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"నాలుగు గంటలకోసారి పట్టండి. పక్కనుంచి."

మధ్యాహ్నం చెత్తబండి వచ్చి వెళ్ళింది. శుభ్రమ్మ నేల రెండుసార్లు కడిగింది.

సాయంత్రం పనిమనిషి ఫోన్ చేసింది.

"మా పెద్దమ్మ బస్సెక్కేసిందక్కా. ఇక ఇటు రాదట, ఏ చుట్టం చోటిస్తే అక్కడే. పాప మందు మింగుతోందా అని నన్ను అడగమంది."

"ఆ మనిషి ఊసెత్తకు" అని పెట్టేసింది.

పాప మింగడం లేదు. చెంచా పళ్ళకు తగిలి టకటకమంటోంది. పాప ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. అప్పుడే ఊరినుంచి దిగిన అమ్మ చెప్పులు విప్పుతూనే చూసింది.

"ఆ వంకర చెంచా తే."

"పారేశాను."

అమ్మ కూతురి చేతిలోని బరువైన కాడ చెంచా తీసుకుని, తలుపు సందులో ఇరికించి, మెడ దగ్గర పక్కకు వంచింది. శుభ్రమ్మ పాపను అమ్మ ఒళ్ళో పెట్టింది.

బుగ్గ పక్కనుంచి చెంచా జారింది. పాప గుటక వేసింది. మళ్ళీ వేసింది. శుభ్రమ్మ గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది.

"పొద్దున పనికొచ్చిన ముసలిది కూడా ఇలాగే పట్టిందమ్మా. రోత మనిషి. తరిమేశాను."

అమ్మ చెయ్యి ఆగింది.

"ఇలా పట్టడం నాకు ఆసుపత్రిలో ఆయా నేర్పింది. రెండేళ్ళప్పుడు ధనుర్వాతం వచ్చి నీ దవడ బిగుసుకుపోతే, చెంచా వంచి పదకొండు రోజులు పాలు పట్టింది. దానిమీద గాట్లు నీవే."

ఈసారి శుభ్రమ్మ అడ్డుపడలేదు.

"ఆవిడ కుడి చూపుడువేలికి గోరుందా?" అడిగింది అమ్మ.

శుభ్రమ్మ తల అడ్డంగా ఊపింది.

"చెంచాకు సందు కోసం నీ పళ్ళ మధ్య పెట్టిన వేలే అది, నువ్వు కొరికిన గోరు మళ్ళీ రాలేదు."