కొయ్యాల్సిన బొమ్మ

"దీన్ని కొయ్యనివ్వను," అంటూ ఆల్వీసె కాన్వాసుకు అడ్డంగా నిలబడ్డాడు.

దర్శకుడు బీజీ కళ్లు మూసుకుని కణతలు నొక్కుకున్నాడు. ఆ పాడుబడ్డ బంగళాలో పొద్దున్నుంచీ షూటింగ్. కొమాక్కియో చిత్తడినేలల మీంచి పొగమంచు కిటికీల దాకా వచ్చేసింది. ఇంకొక్క షాట్ తీస్తే ఈ దయ్యాల సినిమా పూర్తయిపోతుంది. కథలో పిచ్చెక్కిన చిత్రకారుడు చచ్చిపోయిన భార్య బొమ్మను కత్తితో చీల్చెయ్యాలి. అంతే.

"గియ్యమన్నాం, గీశావు. కోస్తామని ముందే చెప్పాం కదయ్యా."

"చెప్పారు. అప్పటికి అది తెల్లగుడ్డ."

సినిమాలో చిత్రకారుడి వేషం వేసిన కొర్రాదో కుర్చీలో జారగిలబడి ఉన్నాడు. చొక్కా నిండా పూసిన ఎర్రరంగు ఎండి అట్టకట్టింది. "కావాలంటే నన్ను కోసెయ్ బీజీ. ఏదో ఒకటి కోసేసి ఇళ్లకు పోదాం."

ఎవరూ నవ్వలేదు. ఆల్వీసె నిరుడే పిచ్చాసుపత్రి నుంచి బయటికొచ్చిన మనిషి. అతని రెక్క పట్టుకుని లాగడానికి ఎవరికీ మనసొప్పలేదు. చివరికి బీజీ ఊళ్లోకి మనిషిని పంపి, అతని అక్కకు కబురు పెట్టాడు.

ఎర్సీలియా సైకిల్ మీద వచ్చింది. ఆ బంగళాలో ఆమె అడుగుపెట్టడం అదే మొదలు. పాముచేపలు ఊరబెట్టే చోట పని దిగి అట్నుంచి అటే వచ్చినట్టుంది, చేతులు వెనిగర్ వాసన కొడుతున్నాయి. తలగుడ్డ ముందుకు లాక్కుని గుమ్మం దగ్గరే, చీకట్లో ఆగిపోయింది. అక్కణ్నుంచి ఆమెకు బొమ్మ వెనకభాగమే కనిపిస్తోంది.

"ఏంట్రా ఈ గోల?"

"కోస్తామంటున్నారక్కా."

"కొయ్యనీ."

ఆల్వీసె తల దించుకున్నాడు.

"కాస్త మీరే నచ్చజెప్పాలి ఎర్సీలియా గారూ," అన్నాడు బీజీ.

"నచ్చజెప్పే ఓపిక నాకెక్కడిదయ్యా. వీడి పెళ్లాం పోయిన దగ్గర్నుంచి ఆవిడ మొహం తప్ప వీడికి ఇంకేం పట్టదు. వంటింటి గోడ మీద ఆవిడే. నా పెళ్లికని దాచుకున్న దుప్పట్ల మీదా ఆవిడే. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఆసుపత్రికి సూపు పట్టుకెళ్తే, ఆ గిన్నె మూత మీద కూడా ఆవిణ్నే గీశాడు. వండేది నేను, ఉతికేది నేను. ఆ ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని గోడలక్కూడా తెలీదు."

ఆమె గొంతు పెంచలేదు. సరుకుల ధరలు చెప్పినట్టు చెప్పింది.

"అక్కా, ఇది..."

"మాట్లాడకు. అలిసిపోయాన్రా."

ఎర్సీలియా నేరుగా వెళ్లి కొర్రాదో ఒళ్లోని కత్తి తీసుకుంది. "నేనే కోస్తాను. తీసుకోండి మీ సినిమా."

బీజీ ఒక్క క్షణం ఆలోచించాడు. వెనకనుంచి తీస్తే చెయ్యి ఎవరిదైనా ఒకటే. కెమెరా దగ్గర మనిషికి సైగ చేశాడు. పెద్ద దీపాలు వెలిగాయి. వింతేమిటంటే, ఆల్వీసె ఈసారి అడ్డు నిలవలేదు. పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

తలగుడ్డ భుజాల మీదికి జారిపోయినా ఎర్సీలియా సర్దుకోలేదు. చుట్టూ తిరిగి వచ్చి కాన్వాసు ఎదుట నిలబడి కత్తి ఎత్తింది. దీపాల వెలుగుకు ఆమె నీడ బొమ్మను సగం కప్పేసింది.

కొర్రాదో ఆమె వంక చూశాడు, బొమ్మ వంక చూశాడు, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కెమెరా తిరుగుతూనే ఉంది.

ఆల్వీసె మెల్లగా అన్నాడు:

"కాస్త పక్కకు జరగక్కా. నీ నీడ నీ మొహం మీదే పడుతోంది."