పాట మధ్యలో గుటక

"పదకొండో నంబరు మీ శిష్యుడే! కాదని చెప్పండి చూద్దాం!" వయొలిన్ మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పడేశారు.

"కానే కాదు," అంది ప్రొఫెసరమ్మ. "ఈ గొంతు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు."

సంగీత కళాశాలలో సాయంత్రం కోర్సుకు ఎంపికలవి. మిగిలింది ఒక్క సీటు. పాడేవాళ్లు తెర వెనక, పరీక్షకులు తెర ముందు. పేరుండదు, మొహముండదు, ఒట్టి నంబరే. తమ శిష్యులెవరైనా పాడుతుంటే పరీక్షకులు ముందే చెప్పి లేచిపోవాలి. చెప్పకుండా దొరికిపోతే పాడినవాళ్ల సీటూ పోతుంది, పరీక్షకుల ఉద్యోగమూ పోతుంది. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది ఎవరో కాదు, ప్రొఫెసరమ్మే. ఇప్పుడది తన మెడకే చుట్టుకునేలా ఉంది.

అయినా ఆవిడకు భయం కంటే సంబరమే ఎక్కువగా ఉంది. ఏం గొంతు! పొద్దుటి నుంచి పదిమంది పాడగా విని విని, ఆవలింతలు ఆపుకుంటూ కూర్చుంది. వీడెవడో నోరు తెరవగానే ఒళ్లు ఝల్లుమంది. పాతికేళ్లుగా కచేరీలు చేస్తూ, పాఠాలు చెబుతూ, ఇలాంటి గొంతు ఒక్కటైనా తగలకపోతుందా అని కాచుక్కూర్చున్న మనిషి. తీరా తగిలాక వదులుతుందా?

"ఆ విరుపులు మీవి, ఆ సాగదీత మీది." మాస్టారూ వదల్లేదు.

"నా కచేరీలు విని పట్టుకుని ఉంటాడు. వినడం కూడా నేరమేనా?"

"మీరిద్దరూ ఇలా కీచులాడుకుంటే ఇక్కడే తెల్లారుతుంది," అన్నారు ప్రిన్సిపాలు. "ఇంకోసారి పాడిద్దాం. బాబూ పదకొండూ, చరణం అందుకో."

తెర వెనక చరణం మొదలైంది. రెండో వరస పైకెక్కి, అక్కడే బెసక్కుండా నిలబడింది. ప్రొఫెసరమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

అంతలో పాట టక్కున ఆగింది. 'గుటుక్' మని ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ జరగనట్టే మూడో వరస.

మాస్టారు పకపకా నవ్వారు. "పాట మధ్యలో ఆ గుటకేమిటయ్యా?"

"అది పాటలోదే కదండీ!" తెర వెనక నుంచి అమాయకంగా జవాబొచ్చింది. "రెండో వరస అయిపోగానే మింగాలి."

ప్రొఫెసరమ్మ ఉలిక్కిపడింది. ఆ గుటక తనది! పొద్దున్నే సాధన చేసేటప్పుడు సరిగ్గా అక్కడే గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగుతుంది. వేదిక మీద తాగదు, క్లాసులోనూ తాగదు. ఇంట్లోనే, అదీ తలుపులన్నీ వేసుకుని. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ వల్ల కాలేదు.

"ఆ గుటక నాదేనండీ," అంది.

"చూశారా!" మాస్టారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "ఇంట్లో కూర్చోబెట్టి నేర్పారన్నమాట!"

"నేర్చుకోవడానికి మా గడప ఎవ్వరూ తొక్కలేదు. శిష్యుడని తేలితే ఇప్పుడే రాజీనామా రాసిస్తాను. తెర తీయండి!" ఆ మనిషెవరో చూడాలని ఆవిడకే ప్రాణం కొట్టుకుపోతోంది.

ప్రిన్సిపాలు తెర లాగారు. ఖాకీ చొక్కాలో, భుజాన టికెట్ల సంచీతో, సిటీ బస్సు కండక్టరు నిలబడి ఉన్నాడు.

"మీరా!" ప్రొఫెసరమ్మ నోరెళ్లబెట్టింది. "సార్, ఈయన మా పక్క వాటాలో ఉంటారు. శిష్యుడా పాడా! నా పాట పడక ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే గోడ బాదే మనిషండీ! మేం ఒక్కసారైనా మాట్లాడుకుని ఎరగం!"

ప్రిన్సిపాలు పొట్ట పట్టుకుని నవ్వారు. "గోడ బాదేవాణ్ని శిష్యుడని ఎవరంటారు మాస్టారూ?"

మాస్టారు బల్ల మీది కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "పాట మాత్రం బాగానే పాడాడు లెండి," అని గొణిగి మార్కులు వేశారు. ఆఖరి సీటు పదకొండో నంబరుకే దక్కింది.

ప్రొఫెసరమ్మ ఆనందం పట్టలేక కండక్టరు దగ్గరకు పరుగులాంటి నడకతో వెళ్లింది. "మీరు పాడగా నేనెప్పుడూ వినలేదేమండీ?"

"డిపోలో ఖాళీ బస్సెక్కి పాడుకుంటానండి."

"పాటంటే ఇంత ప్రాణం పెట్టుకుని, మరి రోజూ ఆ గోడ బాదుడేమిటి?"

కండక్టరు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, బాదడమా మేడమ్! చరణంలో మీరు కాస్త పరిగెడతారు కదండీ... తాళం వేస్తున్నా!"