గోదారవ్వ తలె

"సంచి సదిరిన. మాపటి బస్సుకు మన ఊరికి, మోస్రకు పోత," అన్నడు రామ్‌దాస్, కొడుకు ఇంకా చెప్పులు ఇడవకముందే. "పోయే ముందు గీ ముచ్చట తేలాలె. గందుకే నిన్ను దుకాణం కాడికెల్లి పిలిపిచ్చిన."

వేణు తన భార్య దిక్కు చూసిండు. పుష్పలత ఒక చేతిల అన్నం పెట్టిన స్టీలు తలె, ఇంకో చేతిల రెండున్నరేండ్ల బిడ్డ చెయ్యి పట్టుకొని వంటింటి గుమ్మంల నిలబడ్డది. బిడ్డ పేరు గోదావరి. తాతకు మాత్రం గోదారవ్వ. నది పేరు పెట్టినంక పోరి ఒక్క కాడ నిలుస్తదా? పొద్దందాక ఇల్లంతా పారుతనే ఉంటది.

"ఏమైంది బాపు?"

"ఇంకేం గావాలె? నీ పెండ్లాం కొలువుకు పోదు, పొలానికి పోదు. పొద్దందాక ఇంట్లనే ఉంటది. ఉన్న ఒక్క పోరికి బుక్కెడు బువ్వ తినిపియ్య చాతనైతలేదు. సూడు గా తలె! కల్లంల రాశి పోసినట్టు పోసింది. నా రెండెడ్లు తిన్నా ఇంకా మిగులుతది."

రామ్‌దాస్ మాటలల్ల గాలి ఎప్పుడూ రెండు పాళ్ళు ఎక్కువే. దినాం పదకొండు కొట్టంగనే పోయి కంఠేశ్వర్ గుడి ముంగట చాయ్ హోటల్ల కూసుంటడు. ఆయన చెప్తుంటే మోస్రా వరి కంకుల మీద కొంగలు గూళ్ళు కడుతయి, కాలువల చేపలు మోటర్లను మింగుతయి. కానీ మెతుకు సంగతి వచ్చిందంటే మనిషి మారిపోతడు. నలభై ఏండ్లు వరి పండించిన చెయ్యి అది. ఒక్క మెతుకు కింద పడ్డా ఏరి కండ్లకద్దుకుంటడు.

"దినాం గిదే కథ," అన్నడు. "పోరి మొకం తిప్పుతది. ఉరుకుతది. గీమె సప్పుడుజేయక తలె వట్టుకొని పారబోసెతందుకు లేస్తది. నేను అడ్డం వడకపోతే మున్సిపాల్టి బండి మనింటి బువ్వతోనే నిండుతుండె."

"మరి ఏం చేస్తున్నవ్ బాపు?"

"ఏం చేస్త? నన్ను ఒంటరోన్ని జేసి మీ అవ్వ పోయి మూడు నెల్లాయె. ఆ దినం సంది నాకు ఆకలే లేదు, తలె పెట్టొద్దని చెప్పిన. అయినా పారబోస్తుంటే పానం ఒప్పుతదా? నేనే మింగుతున్న. ఆకలై కాదు, పాపానికి భయపడి."

"మోస్రల నీకు ఎవరు వండిపెడుతరు బాపు?"

"ఆకలుంటే గద వంట!"

పుష్పలత గాబరగ ముంగటికొచ్చింది. తలె జారబోయింది. "తప్పు నాదే మామ. రేపటి సంది తక్కువ పెడత. మీరు మాత్రం పోవద్దు."

"తక్కువ పెట్టి గూడ ఏం లాభం? కూరేందో చెప్పు నీ మొగనికి."

ఆమె తల వంచుకున్నది. "కాకరకాయ."

"ఇన్నవా వేణు? పసిపోరికి కాకరకాయ! కన్నతల్లి ఎవలన్న పెడుతదా?"

వేణుకు గూడ కోపమొచ్చింది. "ఏంది పుష్పా గిది?"

"అన్నీ అలవాటు కావాలె గద..." అన్నది ఆమె, గొణుక్కుంట.

"తే గిటు!" తలె గుంజుకున్నడు రామ్‌దాస్. "ఎట్ల తినిపియ్యాల్నో సూపిస్త."

మనుమరాలిని ఒళ్ళె కూసుండవెట్టుకొని ముద్ద కలిపిండు. "గోదారవ్వా, ఒకనాడేమైంది? మన చెరుకుతోటల నక్క జొచ్చింది. తిన్నది, తిన్నది, తోక బెల్లమయ్యేదాక తిన్నది. ఇగ సూడు, ఊరి చీమలన్నీ ఒక్కటై గా తోక వట్టుకొని నక్కను బోధన్ దాక గుంజుకపోయినయి!"

పోరి కండ్లు ఇంతింత చేసి ఇన్నది. ముద్ద నోటి దగ్గరికి రాంగనే పెదవులు బిగవట్టింది.

"ఆ అను నా తల్లీ. చీమలు సూస్తున్నయి."

అనలే. తాత చేతిల ముద్దను రెండు చేతులతోని తీసుకొని, సగం ఆయన మీసాలకు పూసి, సగం నోట్లె పెట్టింది. అచ్చం తల్లి లెక్కనే గొంతు పెట్టి, "తాతా, ఆ... ఇంకొక్కటి," అన్నది.

"నేను కాదే, నువ్వు తినాలె."

"నేను తిన్న." గౌను లేపి గుండ్రటి పొట్ట చూపిచ్చింది. "గిది తాత బువ్వ."

"ఎప్పుడు తిన్నవే?"

పోరి వంటింట్లకు ఉరికింది. చిలుక బొమ్మ ఉన్న చిన్న గిన్నె తెచ్చి ఆయన ముంగట పెట్టింది. కడిగి, తుడిచి ఉన్నది. "తాత చాయ్‌కి పోయిండు. నేను తిన్న."

వేణు తన భార్య మొకం దిక్కు చూడలేక గోడ దిక్కు చూసిండు. రామ్‌దాస్ చిన్న గిన్నెను చూసిండు, పెద్ద తలెను చూసిండు. షుగరుకు కాకరకాయ మంచిదని డాక్టర్ చెప్పింది తనకే అని అప్పుడు యాదికొచ్చింది.

తల వంచుకొని తినుడు మొదలుపెట్టిండు. ఆఖరి మెతుకు దాక తిన్నడు. తలెలనే చెయ్యి కడుక్కొని, మీసాలు తుడుచుకొని, ఎప్పటి లెక్కనే గొంతు పెంచిండు.

"బిడ్డా పుష్పా! గా సంచి ఇప్పు. రేపటి సంది గోదారవ్వ తలెల ఇంకో గరిటె ఎక్కువ పెట్టు, పాపం పోరికి సాలుతలేదు."