మొదటి నవ్వు

“బావా, మీ ఆవిడ అక్కడ నవ్వుతోందయ్యా!”

కొయ్యకాళ్లవాడు పదడుగుల ఎత్తు నుంచి ఆ కబురు జారవిడిచాడు. డేరా గుమ్మం దగ్గర అద్దం ముందు కూర్చున్న విదూషకుడు తల ఎత్తలేదు. పెద్ద మీసానికి వెనకవైపు శ్రద్ధగా జిగురు రాస్తున్నాడు.

“ఎక్కడ?”

“ఆ సున్నపుమొహం వాడి ఆటలో. ముందు వరసలో కూర్చుని, పొట్ట పట్టుకుని మరీ నవ్వుతోంది. ఆట అయ్యాక ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ ఏవో సైగలు కూడా. కొత్త ఆటేదో కడుతున్నట్టున్నారు.”

జిగురు కుంచె ఆగిపోయింది. సున్నపుమొహం వాడంటే ముఖానికి తెల్లరంగు పూసుకుని, నోట మాట లేకుండా ఆడే మూగనటుడు.

ఆ మైదానంలో సంగీతోత్సవం మొదలై మూడు రోజులైంది. మహావేదికల మీద గాయకులు; వేదికల నడుమ దారుల్లో గారడీవాళ్లు, తీగ మీద నడిచేవాళ్లు, హాస్యగాళ్లు. దారిన పోయే జనాన్ని ఆపి చుట్టూ వలయం కట్టించుకోగలిగినవాడిదే ఆట. ఈ సాయంత్రం నిర్వాహకురాలు వలయాలన్నీ తిరిగి చూసి, ఒక్కరిని మాత్రం పెద్ద వేదిక ఎక్కిస్తుంది. విదూషకుడు ఇరవై రెండేళ్లుగా కలలుగంటున్న మెట్టు అది.

అతని ఆటకు ఆయువుపట్టు జనానికి కనబడని చోట ఉంది. ముక్కూముఖం తెలియని మనుషులు పదిమంది చేరితే తమంతట తాము నవ్వరు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆ మొదటి నవ్వు అతని భార్యది. ఏమీ ఎరగనిదానిలా జనంలో కలిసి కూర్చుని, ప్రతి చలోక్తి చివరా రెప్పపాటు ఆగి గలగలమనేది. ఒక దీపం నుంచి మరో దీపం అందుకున్నట్టు, ఆ నవ్వు వలయమంతా అంటుకునేది.

ఈ ఏడు ఆ నవ్వుకు తెగులు పట్టింది. అతడు ఈ కొత్త మీసం పెట్టుకున్ననాటి నుంచీ ఆమె నవ్వు తాళం తప్పుతోంది. పక్కవాళ్ల ముఖాలు చూసి నవ్వుతోంది. నిన్నయితే, కథలో తల్లి పోయిందని అతడు గొంతు వణికించే చోట పకపకా నవ్వింది. జనం ఛీత్కరించుకుని లేచిపోయారు.

పక్కనే కూర్చుని రథాన్ని గోతిలోకి తోలడమంటే ఇదే. ‘శల్యసారథ్యం’ అనుకున్నాడు విదూషకుడు.

తెర తొలగించుకుని భార్య లోపలికి వచ్చింది. ముఖం మీద నవ్వు తడి ఇంకా ఆరలేదు.

“బాగా నవ్వొచ్చిందా అక్కడ?” వంచిన తల ఎత్తకుండానే అడిగాడు.

ఆమె అతని కోటు అందుకుని, దుమ్ము దులపసాగింది.

“అడిగేది నిన్నే. మౌనవ్రతం పట్టావా?”

దులుపుతూనే ఉంది. అతడు మీసం అతికించుకుని గిరుక్కున తిరిగాడు. ఆ కుచ్చులు గడ్డం దాకా దిగి నోటిని కప్పేశాయి.

“ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఈ వ్యవహారం?”

ఆమె అతని ముఖాన్ని నిదానించి చూసింది. “ఆ మీసం తీసెయ్యండీ. మీ మొహమే కనబడట్లేదు.”

“నేనేం అడుగుతున్నాను, నువ్వేం చెబుతున్నావు?”

“మొదట్నించీ చెబుతూనే ఉన్నాగా. అది లేకపోతేనే బాగుంటారు.”

“అవునులే! వాడి నున్నటి మొహం చూశాక నా మీసమెందుకు ఆనుతుంది?”

ఆమె చిరునవ్వుతో కోటు అందించింది. చెంప పగలగొట్టినా అతనికి అంత మంట పుట్టేది కాదు.

“ఇవాళ నువ్వు రావద్దు. నా నవ్వులేవో నేనే తెచ్చుకుంటాను.” వెనుదిరిగి చూడకుండా బయటికి నడిచాడు.

వలయం కుదిరింది. వందమందికి తక్కువ లేరు. వాళ్ల వెనక నిర్వాహకురాలు, చేతిలో కాగితాల అట్ట. ముందు వరసలో, రావద్దన్నా వచ్చి కూర్చున్న భార్య.

మొదటి చలోక్తి వేశాడు. నిశ్శబ్దం. భార్య నుదురు ముడుచుకుని అతని మీసాన్నే గుచ్చి చూస్తోంది. రెండోది వేశాడు. అంచున నిలబడ్డ జంట ఒకటి జారుకుంది. ‘నవ్వదు. నిర్వాహకురాలు చూస్తుండగా నా పరువు నిలువునా తీస్తుంది.’ చెమటకు జిగురు కరిగి మీసం ఒక పక్క వేలాడింది. ఉక్రోషంతో దాన్ని పీకి నేలకు కొట్టాడు.

“మా ఇంట్లో నిర్ణయాలన్నీ నావేనండీ! అందులో ఏది నాదో మా ఆవిడ చెబుతుంది!”

రెప్పపాటు. తరువాత, అచ్చం తొలినాళ్లలోలా, గలగలా.

వలయం అందుకుంది. మరొకటి వేశాడు, మళ్లీ సమయానికి అదే నవ్వు. జనం విరగబడి నవ్వుతున్నారు. నిర్వాహకురాలు ఏదో రాసుకుంది. చేతికి అందుతున్న వేదిక అతనికి చేదుగా తోచింది. నవ్వగలదన్నమాట! ఇన్నాళ్లూ కావాలనే బిగబట్టిందన్నమాట! ఈ ఆట ముగియగానే ‘నీ దారి నీది, నా దారి నాది’ అనేయాలని నిశ్చయించుకుని, ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు.

సరిగ్గా అప్పుడే వేదిక పక్కనున్న కొండంత స్పీకరు కీచుమని అరిచింది. కర్ణభేరిలో సూది దించినట్టయింది. పసిపిల్లలు గుక్కపట్టారు. కొయ్యకాళ్లవాడు తూలి స్తంభాన్ని కౌగిలించుకున్నాడు. నిర్వాహకురాలి చేతిలోని అట్ట నేల మీద పడింది. వలయంలోని వందమందీ రెండు చెవులూ గట్టిగా మూసుకున్నారు.

ఆమె ఒక్కతే అతని పెదవుల వంక చూస్తూ, తరువాతి మాట కోసం ఎదురుచూస్తోంది.